మూర ఎవరి చేతిది

నలభై ఏళ్లు బ్ర్నో నగరంలో
పియానోలకు శ్రుతి కట్టి బతికినదాన్ని.
చెవి తప్ప నాకు వేరే చదువు లేదు.

అయినా పొద్దున్నే, కాఫీ చల్లారేదాకా,
కరెన్సీల జాతకాలు చదువుతాను.
డాలరు లేచింది. డాలరు పడింది.
డాలరు కాస్త ఊపిరి పీల్చుకుంటోంది.
ఎంత పెద్ద ఇల్లో అది!
అందరూ దాని వాకిట్లో నిలబడే
లోకమంతటికీ వాన చెబుతారు.
యెన్ గురించి రాసినా చూపు అక్కణ్ణుంచే,
ఫ్రాంకు గురించి రాసినా అక్కణ్ణుంచే.
నా కొరునా ఎక్కడో అడుగున,
చిన్న అక్షరాల్లో,
దిద్దడం మరిచిన అచ్చుతప్పులా.

మా అమ్మ కూరగాయల సంతలో లేసు అమ్మేది,
మోచేతి నుంచి వేలి కొసదాకా మూర.
పక్క బల్ల హెర్మీనాది పొట్టి చెయ్యి.
ధర ఒకటే, మూర ఒకటే,
ఇంటికెళ్లి కుట్టుకుంటే గౌను అంచు చాలదు.
తెలిసినవాళ్లు ధర అడిగేవాళ్లు కాదు,
ముందు చెయ్యి చూసేవాళ్లు.

అది చూస్తూ పెరిగి కూడా
పదివేల డాలర్లు పెట్టి అమెరికా ఫండు కొన్నాను.
కొన్ననాడు డాలరుకు ఇరవై అయిదు కొరునాలు.
ఏడాది తిరిగేసరికి ఎనిమిది శాతం పెరిగిందని
అభినందన లేఖ వచ్చింది, బంగారు అంచుతో.
అప్పటికి డాలరు ఇరవై రెండు.
లేఖ వెనకే పెన్సిలుతో లెక్క వేశాను.
పన్నెండు వేల నాలుగు వందల కొరునాలు
లాభంలోంచే జారిపోయాయి.
రెండు నెలల చలికి సరిపడా గ్యాసు.
నాతో ఎవరూ అబద్ధమాడలేదు.
వాళ్ల చేత్తో కొలిచారు, అంతే.

బ్యాంకులో రదోవన్ అని ఒక కుర్రాడు,
కొత్త టై, మంచివాడే.
"డాలర్లలో చూపించమంటారా, యూరోల్లోనా?" అన్నాడు.
"రొట్టెల్లో చూపించు నాయనా" అన్నాను.
నవ్వాడు. నేను నవ్వలేదు.

శ్రుతిదండం మోగించి పియానో మొత్తం కట్టరు.
అది ఒక్క తీగకే.
ఆ తర్వాత దాన్ని జేబులో పెట్టేసి
తీగకూ తీగకూ మధ్య వినాలి.
రెండూ కలిసి మోగినప్పుడు
లోపల ఒక అల వణుకుతుంది,
దాని వేగమే నీకు కావలసిన వార్త.
ఈ జాతకాలు రాసేవాళ్లు
జీవితమంతా దండాన్నే మోగిస్తూ కూర్చున్నారు.

చివరికి దొరికినవాడు ద్రహోస్లావ్,
ఓలొమౌట్స్‌లో గసగసాలు ఎగుమతి చేసి, మానేసి,
నెలకు రెండు కాగితాలు టపాలో పంపే ముసలాయన.
మొదటి కాగితం మొదటి వాక్యం:
"పోయిన నెల యెన్ గురించి నేను రాసింది తప్పు."
అక్కడే చందా కట్టేశాను.
తర్వాతి వాక్యం:
"డాలరు పడిందంటున్నారు. ఎవరి మీద పడింది?
మీరు అద్దె దేంట్లో కడతారో మొదట అది చెప్పండి."
కింద చేత్తో గీసిన గళ్లు,
కొరునాకూ ఫ్రాంకుకూ మధ్య ఒకటి,
కొరునాకూ జ్లోటీకీ మధ్య ఒకటి,
కొన్ని గళ్లలో అంకె బదులు
"తెలియదు" అన్న మాట.
ఆ మాట ఇంత పొందిగ్గా రాసినవాణ్ణి
నేనింతవరకు చూడలేదు.

ఫండు అమ్మేశానా? లేదు, సగం ఉంచాను.
పియానోలో ఏ జతనూ పూర్తి నిజంగా కట్టకూడదు,
అన్నింటిలోనూ వెంట్రుకవాసి అబద్ధం పంచితేనే
పన్నెండు స్వరాలూ ఒక ఇంట్లో కాపురం చేస్తాయి.
ఇది ద్రహోస్లావ్‌కు రాస్తే
"గసగసాలకు ఈ నియమం వర్తించదు" అని జవాబిచ్చాడు.

ఇవాళ టిష్నోవ్ బడిలో పని.
పిల్లల వేళ్లకు అరిగిన పియానో,
మూడో సప్తకంలో ఒక తీగ ఎప్పుడూ జారేది.
పెద్ద పంతులమ్మ కవరు అందించింది.
లెక్కపెట్టుకోలేదు. రైల్లో తెరిచి చూశాను,
నలిగిన కొరునాలు, వాటి మధ్య
ఎవరో పిల్లవాడి ట్రామ్ టికెట్టు.